చీరమేను లెక్కల పుస్తకం

మాది గౌతమి గట్టు. తాళ్ళరేవు దాటి మొగ వైపు వస్తే మా ఊళ్ళు తగులుతాయి. మా పొదుపు, అప్పుల వివరాలు నివేదికలో ముందే ఉన్నాయి కాబట్టి మేము చీరమేను పని ఒక్కటే చెబుతాము.

మెట్ట ఊళ్ళ అక్కలకి ఇది తెలియకపోవచ్చు. దసరా వెళ్ళి, వరద తగ్గి, తూర్పు గాలి తిరిగాక సముద్రం పోటుతో పాటు గోదాట్లోకి ఎక్కి వచ్చే చేపపిల్ల చీరమేను. నూలుపోగులా ఉంటుంది. మామూలు వలలో నిలవదు, చీర గుడ్డతో పట్టాలి. పేరు కూడా అలాగే వచ్చిందంటారు. కిలోల లెక్క కాదు, గిద్ద, సోల, తవ్వ, సేరు కొలతల మీద అమ్ముతాము. చీర అమ్మైనా చీరమేను తినాలని మా వైపు సామెత. అమ్మేది మేమే గానీ మా ఇంట్లో వండేది తక్కువ, ఆ ధరకి చేతులు రావు.

ధర పెరిగిన కొద్దీ చీరలు పోయి దోమతెర వలలు వచ్చాయి. చీరకీ దోమతెరకీ తేడా ఏమిటని చాలామంది అడిగారు. చీరతో ఇద్దరు ఆడవాళ్ళు ఒడ్డు వెంట నడుస్తూ పైకి తేలిన గుంపునే ఎత్తుతారు. దోమతెరని మడ కాలవ మూతికి అడ్డంగా కడితే రాత్రంతా వచ్చినదాన్నల్లా ఆపేస్తుంది. మడ చెట్ల వేళ్ళ మధ్యకి పోయి పెరగాల్సిన రొయ్య పిల్ల, పీత పిల్ల, రేపు మా గంపలోకి రావాల్సిన చేపపిల్ల అన్నీ అందులోనే పోతాయి.

అందుకని రేవుకి ఇద్దరు చొప్పున పోటు వేళకి కూర్చున్నాము. తేదీ, తిథి, గాలి ఎటు, ఎన్ని సేర్లు, ఏ వల అని రాస్తాము. అమావాస్యకీ పున్నానికీ పోటు పెద్దది కాబట్టి ఆ రోజులు వదలము. తర్వాత ఒక చెంచాడు తీసి తెల్ల పళ్ళెంలో నీళ్ళు పోసి వేస్తాము. అందులో చీరమేను ఎంత, వేరే పిల్ల ఎంత అని విడదీసి చూస్తాము. చదువు రాని అక్కలు గీతలు గీస్తారు. కళ్ళు వాళ్ళవే చురుకు, రొయ్య పిల్ల కంటిచుక్క చూసి చెప్పేస్తారు.

సముద్రానికి లెక్కలేంటే అని మగవాళ్ళు నవ్వారు. పళ్ళెం చూపించాక నవ్వు తగ్గింది. దోమతెర కట్టిన రోజు పళ్ళెంలో వేరే పిల్లే ఎక్కువ, చీర పట్టిన రోజు అంత లేదు. గ్రామ సంఘం మీటింగులో కాలవ మూతులకి దోమతెర కట్టకూడదని, చీర ఎక్కడైనా పట్టుకోవచ్చని తీర్మానం రాసుకున్నాము. గొడవ లేకుండా జరగలేదు. ఒక రేవులో ఇప్పటికీ మా వాళ్ళని కూర్చోనివ్వడం లేదు.

అసలు ఇబ్బంది ఇది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది, పడవ మీద వెళ్ళేవాళ్ళకి ప్రభుత్వం భృతి ఇస్తుంది. కార్తీకంలో వల తీసేసిన ఇంటికి ఎవరిస్తారు? ఆ నెల డబ్బుతోనే ఏడాది వాయిదాలు తీర్చే ఇళ్ళు మాలో ఉన్నాయి. వల తీసెయ్యమంటూ, అదే నెలలో వాయిదా కట్టమంటే ఆ అక్క మా మాట ఎందుకు వింటుంది? రాత్రి చీకట్లో కట్టుకుంటుంది, మేమైనా అదే చేస్తాము.

కాబట్టి అలా వల తీసిన సభ్యుల వాయిదాలు రెండు నెలలవి సంక్రాంతి తర్వాతకి జరపమని సమాఖ్యని అడుగుతున్నాము. మాఫీ అడగడం లేదు. పేర్లు గ్రామ సంఘమే రాసిస్తుంది, రేవు పుస్తకంతో సరిచూసుకోవచ్చు. ఆ పుస్తకం బయట బల్ల మీద పెట్టాము, కొన్ని పేజీలు తడిసి అంటుకున్నాయి, మెల్లగా తిప్పండి. దసరా దగ్గరకి వచ్చేసింది, ఈ మీటింగులోనే మినిట్స్‌లో రాయించండక్కా.