పనుల నడుమ ప్రార్థన



ప్రార్థనకూ మౌనానికీ తీరిక ఎక్కడిదన్న ప్రశ్న నేడు సర్వత్రా వినిపిస్తున్నది. చదువు, ఉద్యోగం, ప్రయాణాలు, సంసార బాధ్యతలు దినమంతటినీ ఆక్రమిస్తున్నవి. దీనికి సమాధానాన్ని హిమాలయ గుహలలో వెదకనక్కరలేదు. క్షణం తీరికలేని జీవితం గడిపిన మహాత్మాగాంధీ దినచర్యలోనే అది లభిస్తుంది.

సాబర్మతిలోనూ, తరువాత సేవాగ్రామంలోనూ ఆశ్రమవాసుల దినం వేకువజామున ప్రార్థనతో ఆరంభమయ్యేది. సాయంకాలం మరల అందరూ ప్రార్థనకు కూడేవారు. 1930 మార్చి 12న దండియాత్ర బయలుదేరింది. సుమారు 385 కిలోమీటర్ల దూరం. ప్రభుత్వ శాసనాన్ని ధిక్కరించబోయే ఆ సత్యాగ్రహులకు సైతం ప్రార్థన, నూలు వడకడం, దినచర్య వ్రాయడం నిత్యవిధులు. సోమవారం నడక లేదు. అది గాంధీజీ మౌనదినం.

ఈ మౌనదినం ఎట్లా పుట్టిందో 1942లో సేవాగ్రామానికి వచ్చిన అమెరికన్ పత్రికా రచయిత లూయీ ఫిషర్‌కు గాంధీజీ దాపరికం లేకుండా చెప్పారు. ఎడతెగని ప్రయాణాలతో, ఉపన్యాసాలతో అలసిపోయి వారానికొక దినం విశ్రాంతి కోరుకోవడమే దానికి మూలమట. ఆధ్యాత్మిక ప్రయోజనాన్ని తరువాతనే దానికి జోడించారట. కనుక మౌనం ఆరంభించడానికి యోగులే కానవసరం లేదు.

1947 జూన్ 2 కూడ సోమవారమే. విభజన ప్రణాళికను గూర్చి వైస్రాయ్ మౌంట్‌బాటెన్ ఆయనతో సమావేశమైనారు. రోగుల పరిచర్యకు, ఉన్నతాధికారులతో అత్యవసర సంభాషణకు నియమంలో మినహాయింపు ఉన్నది. అయినను గాంధీజీ ఆనాడు పెదవి విప్పలేదు. వాడిన కవర్ల వెనుక నాలుగు మాటలు వ్రాసి ఇచ్చారు. తాను అంతగా వ్యతిరేకించిన విభజన ఎదుట నిలిచిన దినాన సైతం నియమం సడలలేదు.

ఆయన ప్రార్థన ఏ ఒక్క మతానికీ పరిమితం కాదు. గీతాశ్లోకాలు, ఖురాన్ వాక్యాలు, పార్శీ, బౌద్ధ ప్రార్థనలు, భజనలు అందులో చోటు చేసుకున్నవి. 1947 ఏప్రిల్‌లో ఢిల్లీలో ఖురాన్ పఠనానికి కొందరు అభ్యంతరం చెప్పారు. ఆ భాగాన్ని విడిచిపెట్టి తక్కినది కొనసాగించడం సులభమే. గాంధీజీ అందుకు అంగీకరించక ప్రార్థననే నిలిపివేశారు. పొరుగువానిని వెలివేసి చేసేది ప్రార్థన కాజాలదని ఆయన ఆచరణ చాటింది.

1948 జనవరి 30న సర్దార్ పటేల్‌తో సంభాషణ దీర్ఘమై ప్రార్థనకు కొద్ది నిమిషాలు ఆలస్యమైంది. ఆ ఆలస్యానికి నొచ్చుకుంటూ వడివడిగా సభాస్థలికి నడుస్తుండగానే ఆయన హంతకుని గుండ్లకు నేలకొరిగారు.

పనులన్నీ ముగిసిన పిదప మిగిలిన వేళను ప్రార్థనకు ఇద్దామంటే ఏ వేళా మిగలదు. ముందు దానికొక వేళను నిర్ణయించుకొని, తక్కిన పనులను దాని చుట్టూ అమర్చుకోవాలి. అది నమాజు కావచ్చు, సంధ్యావందనం కావచ్చు, కీర్తన కావచ్చు, ధ్యానం కావచ్చు. ఏ దేవునీ నమ్మనివారికి పది నిమిషాల మౌనమైనా కావచ్చు. వసతిగృహంలో ఒక గదిలో నివసించే నలుగురు నాలుగు మతాలవారైతే, ఒకరి వేళను తక్కిన ముగ్గురూ నిశ్శబ్దంగా గౌరవించడం కూడ ప్రార్థనయే. దానికి ప్రత్యేకమైన తీరిక అవసరం లేదు.