బాండు చిత్రముల దశాబ్దులు: ఒక తారతమ్య విచారణ

జేమ్స్ బాండు అను గూఢచారి కథానాయకుడుగా గల ఆంగ్ల చలనచిత్రముల పరంపర 1962 అక్టోబరు నెలలో లండను నగరమున 'డాక్టర్ నో' ప్రదర్శనతో ఆరంభమైనది. 2021లో వెలువడిన 'నో టైమ్ టు డై' వరకు ఈయాన్ అను ఒకే సంస్థ నిర్మించినవి 25 చిత్రములు. 1960లలో 6, తరువాతి రెండు దశాబ్దులలో ఐదేసి, 1990లలోను, 2000 తరువాతి పదేండ్లలోను మూడేసి, 2010 తరువాత 2, ఆ పిమ్మట 1. తొలుత ఇంచుమించు ఏటికొకటిగా వచ్చినవి తుదకు ఆరేండ్లకొకటి అయినవి.

ఈ చిత్రములను ఎరిగినవారు ఇరువురు కలిసినచోట, బాండు వేషమునకు ఎవరు మేటి యను వివాదము తప్పదు. షాన్ కానరీ యని యొకరు, రోజర్ మూర్ అని వేరొకరు, డేనియల్ క్రెయిగ్ అని వారి కుమారుడు. అది తెగెడి వివాదము కాదు. బాల్యమున ఎవరిని తెరపై మొదట చూచిరో, వారే చాలమందికి బాండు. అందుచేత నటుని విడిచి దశాబ్దిని తీసికొని విచారించుట మేలు. ఒక కాలపు భయములు, ఆ కాలపు ధనము, ఆ కాలపు రాజకీయములు అన్నియు దశాబ్దిలో పట్టుబడును.

అయితే కొలబద్ద ఏది? వసూళ్లు కావు. 1979 నాటి 'మూన్‌రేకర్' చిత్రమునకు వచ్చిన రాబడిని 1995 వరకు ఈ పరంపరలో మరియొకటి దాటలేదు. అయినను దానిని ఉత్తమ చిత్రమనువారు అరుదు. యంత్రముల వింతలును కొలబద్ద కాజాలవు. నేటి వింత రేపటికి ఆటవస్తువు. బాండు అన్నిటికంటె ముందు ప్రభుత్వోద్యోగి. ఆతనికి పై అధికారి కలడు. అధికారి గది ముందర కార్యదర్శిని కలదు. పనిముట్లు పుచ్చుకొని, తిరిగి అప్పగింపవలసిన సామగ్రిశాఖ కలదు. తక్కిన ఉద్యోగులకు లేని యొక అధికారము మాత్రము ఆతనికి ఉన్నది: రాజ్యము పేర మనుష్యుని చంపుట. ఆ అధికారమును ఎవరిచ్చిరి, దానికి ఎవరు ఎవరికి సమాధానము చెప్పవలెను అను ప్రశ్న ఏ దశాబ్ది చిత్రములలో సజీవముగా నున్నదో ఆ దశాబ్ది అధికము. ఆ ప్రశ్న మరుగుపడినచోట మిగులునది బాణసంచా. దస్త్రములతోను ఉత్తరువులతోను జీవితము గడపు ఉద్యోగుల సభకు ఈ కొలబద్దను అధికముగా వివరింప నక్కరలేదు.

ఈ కొలతకు 1960లు ప్రథమస్థానమున నిలుచును.

'డాక్టర్ నో'లో బాండు తన అధికారి గదిలో ప్రవేశించిన వెంటనే జరుగునది పొగడ్త కాదు, మందలింపు. వెనుకటి పనిలో ఆతని బెరెట్టా తుపాకి మొరాయించినది. దాని ఫలితముగా ఆరు నెలలు ఆసుపత్రిలో గడచినవి. ఆయుధములను పరీక్షించు అధికారి వచ్చి వాల్తర్ తుపాకిని ఒప్పగించును. బాండు పాతదానిని కూడ మెల్లగా తీసికొనిపో జూడగా, తల యెత్తకయే అధికారి దానిని అక్కడ ఉంచి పొమ్మనును. ఏ కార్యాలయమునందైనను జరుగదగిన సన్నివేశమే. ఆ చిత్రముననే మరియొక ఘట్టము: తనను చంపవచ్చిన ప్రొఫెసరు డెంటు తుపాకిలో గుండ్లు అయిపోయినవని ఎరిగియుండియు బాండు వానిని కాల్చి చంపును. కోపము లేదు, ప్రతీకారము లేదు. అది ఆతని ఉద్యోగము. ప్రేక్షకునికి ఆ క్షణమున కలుగు జంకును తుడిచివేయుటకు దర్శకుడు టెరెన్స్ యంగ్ యత్నింపలేదు.

1963 నాటి 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' ఈ ప్రశ్నను మరింత లోతునకు తీసికొనిపోయినది. తత్యానా రోమనోవా ఇస్తాంబులులోని సోవియట్ కాన్సలేటు కార్యాలయమున చిన్న ఉద్యోగిని. రోజా క్లెబ్ అను అధికారిణి ఆమెను పిలిపించి, బాండును వలలో వేయుమని ఆజ్ఞాపించును. కాదన్నచో ప్రాణము దక్కదని తెలుపును. ఆ క్లెబ్ సోవియట్ కొలువును విడిచి నేరస్థుల సంస్థలో చేరినదని తత్యానా ఎరుగదు. ముద్ర నిజమైనదే, దాని వెనుకనున్న అధికారము మాత్రము బూటకము. విధేయురాలైన ఉద్యోగిని, తన రాజ్యమునకు సేవ చేయుచున్నానను నమ్మికతో, ఆ రాజ్యపు శత్రువులకే సేవ చేయును. రైలుపెట్టెలో జరుగు పోరాటమును అందరును జ్ఞాపకముంచుకొందురు. ఆ పోరాటమునకు బరువు నిచ్చినది మాత్రము ఈ అమాయకపు విధేయత.

1964లో 'గోల్డ్‌ఫింగర్' వచ్చినది. కథలను సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్, రెండవ ప్రపంచయుద్ధ కాలమున నౌకాదళపు గూఢచారశాఖలో పనిచేసినవాడు, ఆ చిత్రము విడుదలకు ముందే ఆగస్టు నెలలో మరణించెను. అందులో బాండుకు ఒక హెచ్చరిక కలదు: ఈ పనిని సొంత పగగా చూచినచో ఆతని స్థానమున 008 పోవును. 1967లో 'యూ ఓన్లీ లివ్ ట్వైస్' నాటికి పట్టు సడలినది. అగ్నిపర్వత గర్భమున శత్రువుల స్థావరముగా కెన్ ఆడమ్ నిర్మించిన ఒక్క రంగస్థలమునకే, ఐదేండ్లకు ముందు 'డాక్టర్ నో' మొత్తమునకు అయినంత, అనగా సుమారు పది లక్షల డాలర్లు వ్యయమైనవి. రంగస్థలము పెరిగినకొలది మనిషి చిన్నవాడయ్యెను.

అట్టి సమయమున 1969లో 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్' వచ్చినది. జార్జి లేజన్‌బీ అను ఆస్ట్రేలియా దేశస్థుడు నటించిన ఏకైక బాండు చిత్రమిది. తన పనినుండి తప్పించినందుకు కినిసి బాండు రాజీనామా పత్రమును చెప్పి వ్రాయించును. కార్యదర్శిని మనీపెన్నీ దానిని మార్చి, రెండు వారముల సెలవు దరఖాస్తుగా టైపు చేసి లోనికి పంపును. అధికారి సంతకము చేయును. అందుకు బాండును, పిదప అధికారియును ఆమెకు కృతజ్ఞులగుదురు. ఇరువురు పురుషుల అభిమానమును ఒక కార్యదర్శిని బుద్ధికుశలత కాపాడిన ఈ చిన్న ఘట్టము, ఎన్నియో కారుపరుగులకంటె విలువైనది. చిత్రాంతమున, వివాహమైన కొన్ని గడియలకే బాండు భార్య హత్యకు గురియగును. ఆతని తుపాకి, ఆతని అధికారము ఆమెకు అక్కరకు రాలేదు.

1960లకు ప్రథమస్థాన మిచ్చుట వానికి సచ్చీలపత్రము వ్రాసియిచ్చుట కాదు. 'గోల్డ్‌ఫింగర్'లో స్త్రీపై బలప్రయోగమును సరసముగా చూపిన తీరు నేడు సహింపరానిది. జపానులో బాండుకు జపానువాని వేషము వేయుటయు అంతే. ఆ మచ్చలు తరువాతి వెలుగులో కనబడినవి కావు, మొదటినుండియు ఉన్నవి.

ఆ దశాబ్దియొక్క వేడి మన తెలుగునాటికిని సోకినది. 1966లో కృష్ణ నటించిన 'గూఢచారి 116' వచ్చినది. మరుసటి యేట అదియే హిందీలో జితేంద్రతో 'ఫర్జ్' అయినది. ఆ హిందీ పేరునకు కర్తవ్యమని అర్థము. గూఢచారి కథకు ఆ పేరు పెట్టినవారు అందలి కీలకమును గ్రహించినవారే.

రెండవస్థానము 1980లది. ఈ తీర్పు పలువురకు రుచింపకపోవచ్చును. ఆ దశాబ్ది ఐదు చిత్రములకును దర్శకుడు జాన్ గ్లెన్; 1969 నాటి చిత్రమునకు కూర్పరి ఆతడే. ఆ బంధము 1981 నాటి 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' తొలి దృశ్యమునందే తెలియును: బాండు తన భార్య సమాధికడ పూలుంచును. 1962 నుండి అధికారి పాత్రను ధరించిన బెర్నార్డ్ లీ ఆ యేడాది ఆరంభమున మరణించెను. నిర్మాతలు ఆ కుర్చీలో వెంటనే మరియొకరిని కూర్చుండబెట్టలేదు. అధికారి సెలవులో నున్నాడని చెప్పించి ఊరకుండిరి. అంతకు మించిన నివాళి ఏ కార్యాలయము చేయగలదు?

1983 నాటి 'ఆక్టోపస్సీ' భారతీయ ప్రేక్షకునికి ఇబ్బంది కలిగించునది. ఉదయపూరు సరోవరము, ప్రాసాదములు కన్నుల పండువగా ఉన్నవి. కాని వీథిలో కనబడువారు పాములవాండ్రు, కత్తులు మ్రింగువారు, నిప్పులపై నడచువారు. మద్రాసున పుట్టిన టెన్నిసు క్రీడాకారుడు విజయ్ అమృతరాజ్ బ్రిటిషు గూఢచారశాఖ స్థానికోద్యోగిగా నటించి, కథ నడుమనే ప్రాణము కోల్పోవును. స్థానికుడు ముందుగా చచ్చుట ఈ పరంపరలో ఆచారము. జమైకాలో క్వారెల్, ఇస్తాంబులువాడైన కెరీమ్ బే, ఉదయపూరులో విజయ్. వారి కుటుంబములకు పింఛను వచ్చెనా యని ఏ చిత్రమును చెప్పదు.

ఆ దశాబ్దిని నిలబెట్టినవి టిమొతీ డాల్టన్ నటించిన తుది రెండును. 1987 నాటి 'ది లివింగ్ డేలైట్స్'లో, తుపాకి పట్టిన స్త్రీని చంపుమని బాండుకు ఉత్తరువు. ఆమెకు ఆ పని చేతగాదని ఒక్క చూపుతో గ్రహించి, ప్రాణము తీయక ఆమె తుపాకిపై కాల్చును. ప్రక్కనున్న సాండర్స్ అను అధికారి నియమములకు కట్టుబడినవాడు. పైకి నివేదింతునని గద్దించును. ఉద్యోగము పోయినచో మేలే యని బాండు తలపు. చక్కని విషయమేమనగా, సాండర్స్‌ను చిత్రము హాస్యపాత్రగా విడువలేదు. ఆతడు పిదప నిజమును తెలిసికొని బాండుకు తోడ్పడి, వియన్నాలో హతుడగును. నియమము పాటించువాడును మనిషియే యని ఆ పరంపరలో ఇంత గౌరవముగా చూపిన చిత్రము వేరొకటి లేదు.

1989 నాటి 'లైసెన్స్ టు కిల్' దీనికి మరియొక ముఖము. మిత్రునికి జరిగిన ఘోరమునకు పగ తీర్చుకొనుటకై బాండు కొలువును ధిక్కరించును. అధికారి ఆతని అనుమతిని రద్దుచేయును. సామగ్రిశాఖ వృద్ధుడు సెలవు పెట్టి సహాయమునకు వచ్చును. ఇంతవరకు వీరగాథ. కాని బాండు చేసిన ఒక్క హత్యాయత్నముతో, అదే దుర్మార్గుని పట్టుటకు హాంకాంగు మాదకద్రవ్య నిరోధకోద్యోగులు చేయుచున్న ప్రయత్నమంతయు మట్టిపాలగును, వారి ప్రాణములును పోవును. ఉత్తరువును మీరుట ఒకచోట కరుణ, ఒకచోట వినాశము. రెండేండ్ల వ్యవధిలో రెండును చూపిన దశాబ్దికి రెండవస్థానము అధికము కాదు. అమెరికాలో ఆ చిత్రము ఆశించినంతగా ఆడలేదు. పిమ్మట న్యాయస్థాన వివాదములలో ఆరేండ్లు గడచినవి.

మూడవది 2000 తరువాతి పదేండ్లు. 2002లో కంటికి కనబడని కారుతో వచ్చిన 'డై అనదర్ డే' ఒక్కటే యున్నచో ఈ కాలము అట్టడుగున ఉండవలసినది. 2006 నాటి 'కసీనో రాయల్' దానిని పైకెత్తినది. ఫ్లెమింగ్ 1953లో వ్రాసిన తొలి నవలకు అది రూపము. బాండుకు ఆ హోదా క్రొత్త. రాయబార కార్యాలయములో కాల్పులు జరిపినందుకు ఆతని అధికారిణి పైవారికి జవాబు చెప్పుకొనవలసివచ్చును. జూదమునకు ఇచ్చిన కోటి డాలర్లపై కన్నువేసియుంచుటకు ఖజానాశాఖనుండి వెస్పర్ లిండ్ వచ్చును. మొదటి మొత్తము పోగా ఆతడు మరి 50 లక్షలు కోరును. ఆమె మంజూరు చేయదు. ఆర్థికశాఖ అభ్యంతరముతో కథ మలుపు తిరిగిన గూఢచారి చిత్రము వేరొకటి ఉన్నదో లేదో!

2010 తరువాతివి నాలుగవస్థానమున నిలుచును. 2012 నాటి 'స్కైఫాల్'లో అధికారిణి విచారణసంఘము ముందర నిలిచి, తన శాఖ ఎందుకుండవలెనో చెప్పుకొనును. తాను పూర్వము శత్రువుల పాలుచేసిన ఉద్యోగియే ఆమెపైకి వచ్చును. అది ప్రథమశ్రేణి కథ. ఈ పరంపరలో 100 కోట్ల డాలర్ల రాబడిని దాటిన తొలి చిత్రమును అదియే. 2015 నాటి 'స్పెక్టర్' ఆ ఘనతను చెరిపినది. లోకమునకు వచ్చిన కష్టములన్నిటిని ఇద్దరు పెంపుడన్నదమ్ముల తగవుగా కుదించినది.

1990లకు ఐదవస్థానము. సోవియట్ రాజ్యము 1991లో అంతరించగా, ఇక ఈ ఉద్యోగి ఎందులకు అను ప్రశ్నను 1995 నాటి 'గోల్డెన్ ఐ' నేరుగా అడిగినది. జూడీ డెంచ్ తొలిసారిగా అధికారిణియై, ఆతని ముఖముననే ఆతడు గతకాలపు శేషమని పలికినది. తరువాతి రెండు చిత్రములు ఆ ప్రశ్నకు బదులు చెప్పక తుపాకులు మ్రోగించినవి.

తుదిస్థానము 1970లది. 1971లో కానరీని మరల రప్పించుటకు 12.5 లక్షల డాలర్లు ఇచ్చిరి. ఆతడు ఆ సొమ్మును స్కాట్లండు విద్యానిధికి వినియోగించెను. ఆ దశాబ్ది బాండు చరిత్రలో మిక్కిలి గౌరవప్రదమైన కార్యము తెరవెలుపల జరిగినదనుట చమత్కారము కాదు. రోజర్ మూర్ సొగసరి, నవ్వించును. 1977 నాటి 'ది స్పై హూ లవ్డ్ మీ' ముచ్చటైనదే. కాని దాని తరువాత రాదగినదిగా ప్రకటింపబడిన చిత్రమును ప్రక్కనబెట్టి, ఆ యేడు 'స్టార్ వార్స్' గడించిన ధనమును చూచి, బాండును అంతరిక్షమునకు పంపిరి. అంత ఎత్తున పై అధికారి ఉత్తరువు వినబడదు.

2020 తరువాతి కాలమునకు ఒకే చిత్రము గనుక దానికి స్థానము నిర్ణయించుట న్యాయము కాదు. 2025 ఫిబ్రవరిలో చిత్రముల రూపకల్పనపై అధికారము అమెజాన్ సంస్థకు సంక్రమించినది. అయినను ఆ ఒక్క చిత్రమున రెండు సంగతులు గమనింపదగినవి. లోకమును భయపెట్టు మారణాయుధము శత్రువు కనిపెట్టినది కాదు. అధికారి రహస్యముగా సాగించిన పథకమునుండి పుట్టినది. బాండు పదవీవిరమణ చేసి తిరిగి వచ్చునప్పటికి 007 అను సంఖ్య మరియొక ఉద్యోగినికి ఇయ్యబడినది. ఆతడు మరణించిన పిమ్మట అధికారి, మనీపెన్నీ, సామగ్రిశాఖవాడు, మరికొందరు కార్యాలయపు గదిలో చేరి, గ్లాసులు చేతబట్టి కొంతసేపు నిలుచుందురు. అటుపై తమ తమ పనులకు మరలుదురు.