కర్నూలు కోటలో దొరికిన ఫిరంగులు
(ప్రసంగ పాఠం)



కర్నూలు అనగానే అందరికీ కొండారెడ్డి బురుజు గుర్తుకు వస్తుంది. ఆ బురుజు ఏ కోటకు చెందినది, ఆ కోటను కడపట ఏలిన నవాబు ఏమయ్యాడు అన్న ప్రశ్నలు మాత్రం అరుదుగా వినిపిస్తాయి. నేడు మనం మాట్లాడుకోదలచినది ఆ నవాబు గులాం రసూల్ ఖాన్ గురించి.

1800లో నిజాం తన జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసినప్పుడు కర్నూలు నవాబు చెల్లించే పేష్కష్ కూడా కంపెనీ పరమైంది. గులాం రసూల్ ఖాన్ 1823లో గద్దెనెక్కాడు. 1839 వచ్చేసరికి కంపెనీ సైన్యాలు అఫ్ఘానిస్తాన్‌లో ఉన్నాయి. దక్కనులో వదంతులు గుప్పుమన్నాయి. హైదరాబాదులో సాక్షాత్తు నిజాం నాసిరుద్దౌలా సోదరుడైన ముబారిజుద్దౌలాను, వహాబీలతో కలసి కంపెనీపై కుట్ర పన్నాడన్న అభియోగంతో నిర్బంధించారు. ఆయనను ఉంచినది గోల్కొండ కోటలో. 1854లో మరణించేవరకు ఆయన బందీయే. శత్రువును నిలువరించడానికి కట్టిన కోట పరాయివారి మాట మీద ఇంటివారికే చెరసాల అయింది!

అనుమానం కర్నూలు మీదికి మళ్ళింది. నవాబు ప్రతిఘటించలేదు, కోటను అప్పగించాడు. సోదా చేసిన కంపెనీ అధికారులు నివ్వెరపోయారు. చిన్న సంస్థానానికి అవసరమైనదానికి ఎన్నో రెట్లు మించిన ఫిరంగులు, మందుగుండు అక్కడ పోగై ఉన్నాయి. ఆయుధాల తయారీ జనానాలో సైతం సాగిందని వారే రాసుకున్నారు.

నవాబు అప్పటికి ఊరి వెలుపలి జొహరాపురంలో, తన పఠాను, రోహిల్లా, అరబ్బు సిపాయిల నడుమ ఉన్నాడు. బకాయి జీతాలు ముట్టేదాకా ఆయనను వదలబోమని వారు భీష్మించారని ఆంగ్లేయుల కథనం. 1839 అక్టోబరు 18న అక్కడ పోరు జరిగింది. నవాబు పట్టుబడ్డాడు. తిరుచిరాపల్లికి పంపారు. మరుసటి ఏడు అక్కడే కత్తిపోటుకు బలయ్యాడు. కర్నూలు కంపెనీ ఏలుబడిలో కలసిపోయింది.

ఇక్కడ మనం నిదానించాలి. దేశభక్తికి రుజువులు చూపమని మనలను అడిగే ఈ రోజుల్లో ఈ నవాబును మహావీరుడిగా నిలబెట్టాలన్న తొందర సహజం. కాని ఆయన కోట నుంచి ఒక్క గుండూ పేలలేదు. ఆ ఆయుధాలు ఎవరి కోసమో ఆయన నోట వెలువడిన వాంగ్మూలమేదీ మన చేతిలో లేదు. ఉన్న కథనాలలో అధికభాగం ఆయనను బంధించినవారివే. ఆయనను వ్యసనపరుడని, మతి చలించినవాడని చిత్రించినదీ వారే. మతి చలించినవాడు అంతటి ఆయుధాగారాన్ని కంపెనీ కళ్ళుగప్పి ఎట్లా కూడబెట్టాడో వారు చెప్పలేదు. వారి నింద ఎంత అనుమానాస్పదమో, మనం కల్పించబోయే కీర్తి కూడా అంతే. పౌరహక్కు 1839 నాటి ఫిరంగుల లెక్క మీద ఆధారపడదు. అది రాజ్యాంగం ఇచ్చినది.

మనలను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం ఆ సిపాయిల సంగతి. జీతం కోసమో, ఉప్పు తిన్న విశ్వాసం కోసమో, రెండింటి కోసమో నిలబడి నేలకొరిగినవారు. నవాబు పేరు గెజిటీర్లలో మిగిలింది, వారి పేర్లు మిగలలేదు.

జొహరాపురం నేడు కర్నూలు నగరంలో ఒక పేట. అక్కడి పాత కుటుంబాలలో తాతల నాటి మాటలు, సమాధుల గుర్తులు, ఉర్దూ, ఫారసీ కాగితాలు ఏవైనా ఉంటే పారవేయకండి. ఫొటో తీయించండి, ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో రాసి పెట్టండి. చదవడం రాని కాగితాన్ని చదివించే బాధ్యత మనమందరం కలసి తీసుకుందాం.