ఓటుకు దారులు రెండైనా జాబితా ఒక్కటే
(మన సంఘం ప్రత్యేక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి మన సంఘ ఎన్నికల్లో కాగితపు బ్యాలెట్‌తో పాటు ఆన్‌లైన్ ఓటు కూడా పెట్టాలన్న ప్రతిపాదన మీ ముందున్నది. పిల్లల దగ్గర అమెరికాలో ఉన్నవారు, మోకాళ్ల నొప్పులతో గడప దాటలేనివారు కూడా ఓటు వేయగలుగుతారు గనుక నేను దీనిని బలపరుస్తున్నాను. అయితే సర్వీసంతా రిజిస్టర్లు రాసిన గుమాస్తాను. నా చూపు కంప్యూటర్ మీద కాదు, జాబితా మీద.

1983 శాసనసభ ఎన్నికల్లో నాకు పోలింగ్ డ్యూటీ పడింది. సాయంత్రం వేళ ఒక ముసలమ్మ వచ్చింది. జాబితాలో ఆమె పేరు కింద అప్పటికే గీత పడి ఉన్నది. ఆమె వేలికి మాత్రం సిరా లేదు. ఎవరో ఆమె పేరున వేసి వెళ్లారు. ఆ గీత గీసింది నేనే. నిబంధన ప్రకారం టెండర్డ్ బ్యాలెట్ ఇచ్చాము. అది పెట్టెలో వేయరు, వేరే కవరులో పెడతారు. మామూలు లెక్కింపులోకి రాదు. "నా ఓటు పడ్డట్టేనా నాయనా?" అని అడిగింది. "పడిందమ్మా" అన్నాను. ఆ అబద్ధం ఇప్పటికీ గుచ్చుతూనే ఉన్నది.

ఒక్క పెట్టె ఉన్నచోటే అలా జరిగింది. రెండు దారులు తెరిచినప్పుడు ఎంత జాగ్రత్త కావాలి!

షేర్లు ఉన్న మిత్రులకు కంపెనీల పద్ధతి తెలిసే ఉంటుంది. 2013 చట్టం కింద 2014లో వచ్చిన నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ ఓటింగ్ సమావేశానికి ముందురోజు సాయంత్రం 5 గంటలకు ముగియాలి. అలా వేసినవారు సమావేశానికి రావచ్చు గాని మళ్లీ ఓటు వేయరాదు. స్క్రూటినైజర్ ముందు సమావేశంలో పడిన ఓట్లు లెక్కించి, ఆ తర్వాతనే, కంపెనీ ఉద్యోగులు కాని ఇద్దరు సాక్షుల ఎదుట ఆన్‌లైన్ ఓట్లు తెరుస్తాడు. ఎస్టోనియా దేశంలో పద్ధతి వేరు. 2021 నుంచి అక్కడ ఆన్‌లైన్‌లో వేసినవారు పోలింగ్ రోజున వచ్చి కాగితంపై వేస్తే, కాగితమే చెల్లుతుంది. ఇంట్లో ఎవరైనా బలవంతపెట్టి వేయించినా దిద్దుకోవచ్చునన్నమాట. మనం ఏ పద్ధతి పెట్టుకున్నా, నోటిఫికేషన్‌లోనే స్పష్టంగా రాయాలి.

నా విన్నపాలు మూడు.

మొదటిది: ఆన్‌లైన్ ఓటు ముందురోజే ముగించి, వేసినవారి పేర్లు కాగితపు ఓటింగ్‌కు వాడే జాబితాలోనే గుర్తించి, ప్రతి పేజీ మీద అభ్యర్థుల ఏజెంట్లతో సంతకాలు చేయించాలి.

రెండవది: ఫోను నంబర్లు ఇప్పుడే సరిచూడాలి. భార్యాభర్తలిద్దరూ పెన్షనర్లే, ఫోను ఒక్కటే. ఫ్యామిలీ పెన్షనర్ అమ్మగారి పేరెదుట కొడుకు నంబరు. ఓటీపీ ఎవరి చేతికి వెళితే ఓటు వారి చేతికి వెళ్లినట్టే. సొంత ఫోను లేనివారికి కాగితం తప్పక ఉండాలి.

మూడవది: ఆన్‌లైన్ ఓట్లు శాఖలవారీగా ప్రకటించవద్దు. ఒక శాఖలో ముగ్గురే వేస్తే, రహస్యం ఏముంటుంది? రెండూ కలిపిన మొత్తమే ప్రకటించాలి.

ఇది మనకు కొత్త కాదు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ బ్యాంకులో ఇచ్చినా, జీవన్ ప్రమాణ్‌లో ఇచ్చినా ఒకటే లెక్క. రెండుచోట్లా ఇస్తే రెండు పెన్షన్లు రావు గదా!

రేపు మన ఎన్నికల్లో ఏ పెద్దావిడైనా "నా ఓటు పడ్డట్టేనా?" అని అడిగితే, బల్ల దగ్గర కూర్చున్నవారు నిజమే చెప్పగలగాలి. అంతకు మించి నేను కోరేది లేదు.