98 చాలదు

 

కెమికల్, మెటలర్జీ పట్టాలు అందుకుంటున్న మీ మార్కుల మెమోలో 98 శాతం ఉంటే ఇంట్లో పండగే. సల్ఫ్యూరిక్ ఆమ్లం ప్లాంటులో 98 అంటే మాత్రం చుట్టుపక్కల ఊళ్లకు దగ్గు. ఆ సంగతే నాలుగు మాటల్లో చెబుతాను.

జింక్ ఖనిజంలో లోహంతో పాటు గంధకం ఉంటుంది. సుమారు 950 డిగ్రీల దగ్గర గాలి తగిలిస్తే గంధకం సల్ఫర్ డయాక్సైడై పైకి లేస్తుంది. విశాఖలో 1977లో మొదలైన జింక్ స్మెల్టర్‌లో జరిగిందీ ఇదే. పైకి లేచిన ఆ వాయువును ఏం చేస్తాం?

అమెరికాలో టెనెసీ రాష్ట్రం డక్‌టౌన్ దగ్గర మొదట్లో ఏమీ చేయలేదు. రాగి ఖనిజాన్ని కట్టెల మీద కుప్పలు పోసి ఆరుబయటే కాల్చారు. కట్టెల కోసం నరకగా మిగిలిన చెట్లు పొగకు మాడిపోయాయి. తర్వాత ఎత్తైన చిమ్నీలు లేపితే పొగ జార్జియా రాష్ట్రం దాకా వెళ్లింది. దాన్ని ఇంజనీరింగ్ అనడానికి నాకు నోరు రాదు. జార్జియా కోర్టుకెక్కింది, 1907లో సుప్రీంకోర్టు దాని పక్షానే తీర్పిచ్చింది. రాగి కంపెనీ పొగలోంచి సల్ఫ్యూరిక్ ఆమ్లం తీయడం మొదలుపెట్టింది. పోనుపోను రాగి కంటే ఆమ్లమే పెద్ద సరుకైంది.

విచిత్రమేమిటంటే, ఉత్ప్రేరకంతో ఆమ్లం చేయవచ్చని అప్పటికే తెలుసు. 1831లోనే బ్రిస్టల్‌కు చెందిన పెరిగ్రిన్ ఫిలిప్స్ అనే వినెగర్ వ్యాపారి ప్లాటినం వాడే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అయితే ఖనిజపు వాయువులోని ఆర్సెనిక్ ప్లాటినాన్ని చంపేస్తుంది. వెనేడియం దాన్ని చాలావరకు తట్టుకుంటుంది, పైగా చవక. అందుకే ఇవాళ అందరూ వాడేది అదే.

అసలు చిక్కు వేడితో. ఉత్ప్రేరకం మీద సల్ఫర్ డయాక్సైడు ట్రయాక్సైడుగా మారే చర్య వేడిని పుట్టిస్తుంది. వేడెక్కినకొద్దీ మార్పిడి తగ్గుతుంది. చల్లబరిస్తేనేమో ఉత్ప్రేరకం కదలదు. కాబట్టి వాయువును ఒక ఉత్ప్రేరకం పొర దాటించి, చల్లార్చి, మరో పొరకు పంపుతారు. ఇలా మార్పిడి 98 శాతం దాకా రావచ్చు. 1960లలో వచ్చిన మార్పు చిన్నదే: తయారైన ట్రయాక్సైడును మధ్యలోనే ఆమ్లంలో ఇంకించి, మిగిలిన వాయువును మళ్లీ ఉత్ప్రేరకం మీదికి పంపడం. దాంతో మార్పిడి 99.7 శాతం దాటింది. చిమ్నీలోంచి పోయేది ఏడో వంతుకు పడిపోయింది. లెక్క ప్రకారం టన్ను జింక్‌కు ఒకటిన్నర టన్నుల ఆమ్లం వస్తుంది. ఫాస్ఫేటు రాయిని కరిగించి డీఏపీ ఎరువు చేయడానికి కావలసింది అదే.

ప్లాంటు ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు మాత్రం, పొరలు వేడెక్కేదాకా వాయువు మారకుండానే పోతుంది. సీజియం కలిపిన ఉత్ప్రేరకం ఇంకాస్త తక్కువ వేడికే పనిచేస్తుంది, కానీ ఖరీదు. ఆ ఖరీదు తగ్గించే పనికి మనుషులు కావాలి. మీలో ఎవరైనా వస్తారా?