పరీక్షగదిలో ఆదరణ
(సంఘ కూటములో చేసిన ప్రసంగము)



పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ తన సంగతి యంతయు చెప్పుకొనువరకు ప్రభువు నిలిచి వినెను. నేడు పరీక్షగదిలో మన స్త్రీలకు కావలసినది ఆలాగు వినువారే.

లూథరన్ మిషనరీయైన డాక్టరు అన్నా కుగ్లరుగారు 1883లో గుంటూరు వచ్చిరి. పురుష వైద్యులకు చూపించుకొనలేక స్త్రీలు బాధను దాచుకొనుచుండిన కాలమది. 1898లో స్త్రీలకును పిల్లలకును అక్కడ ఆసుపత్రి తెరువబడెను. ఇప్పుడు లేడీ డాక్టర్లు ఎందరో యున్నారు గాని సిగ్గు, భయము పోలేదు. అనకాపల్లి నుండి విశాఖపట్నము వరకు వెళ్లి, గది గుమ్మము నుండి వెనుదిరుగు సోదరి తన రోగమును వెంటబెట్టుకొనియే ఇంటికి వచ్చును.

ఏమి జరుగునో తెలిసినయెడల భయము సగము తగ్గును. పొట్టపై నుండి తీయు స్కానింగుకు నీళ్లు త్రాగి, మూత్రసంచి నిండనియ్యవలెను. లోపలి నుండి తీయు స్కానింగుకు మూత్రవిసర్జన చేసి వెళ్లవలెను; సన్నని పరికరమునకు తొడుగు వేసి, జెల్లీ రాసి వాడుదురు. పిల్లలు లేనివారికి చేయు హెచ్.ఎస్.జి. అను ఎక్సురేలో గర్భసంచిలోనికి మందు ఎక్కించి, నాళములు తెరచియున్నవో లేవో చూతురు. బహిష్టు ఆగిన పిమ్మట, సాధారణముగా పదవ దినములోపు దీనిని చేయుదురు. కొద్ది నిమిషములు కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి రావచ్చును. డాక్టరు చెప్పినచో ముందుగా నొప్పిమాత్ర వేసికొనవచ్చును.

ఇక్కడనే నర్సమ్మ సేవ విలువ తెలియును. గర్భముతో ఉన్నదేమో, ఏ మందైనను పడదేమో ఆమె ముందే అడుగును. తెర వేయును, దుప్పటి కప్పును, చేయబోవునది చెప్పును, ఊపిరి మెల్లగా తీయమనును, చేయి పట్టుకొనును. "ఆపండి" అనగానే ఆపించును. "ఓర్చుకోవమ్మా, అందరూ పడేదే" అనుట ఆదరణ కాదు. ముగిసిన తరువాత తల తిరుగుచున్నదేమో చూచి, కొంతసేపు పండుకొననిచ్చును. ఒకటి రెండు దినములు కొంచెము రక్తము కనబడవచ్చును. జ్వరము, దుర్వాసన, అధిక రక్తస్రావము, తగ్గని నొప్పి ఉన్నచో వెంటనే తిరిగి వెళ్లవలెను.

భర్తలారా, బిడ్డలు లేకపోవుట స్త్రీ దోషమే అని ఇంటిలో ఎవరనినను ఊరకుండకుడి. పురుషునికి చేయు వీర్యపరీక్షలో నొప్పి లేదు. ముందుగా అది చేయించుకొనుడి. నర్సులైన సహోదరీలారా, మీ ఒక్క మంచి మాట మందుతో సమానము. తోడులేని సోదరి వెంట ఒక పెద్దామె ఆసుపత్రికి వెళ్లునట్లు మన స్త్రీల సమాజమువారు ఏర్పాటు చేయుదురుగాక.