పోయే దారి, వచ్చే దారి
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. పెన్‌పహాడ్‌లో పుట్టి, ముప్పై ఏళ్లకు పైగా రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసి, సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయిన మనిషిని. ఈ సమావేశంలో నన్ను మాట్లాడమంటే, “డి.ఏ. బకాయిల గురించైతే అందరూ వింటారు గానీ నా మాటలు ఎవరు వింటారండీ?” అన్నాను. “మీ సలేశ్వరం కాగితం సంగతి చెప్పండి, చాలు” అన్నారు కార్యదర్శిగారు. అందుకని ఆ కాగితం కథే చెబుతాను. అందులో నా తప్పు ఒకటి ఉన్నది. అది కూడా దాచకుండా చెబుతాను.

సలేశ్వరం మీలో చాలామందికి తెలిసినదే. నల్లమల అడవిలో, ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్నది. ఏడాదికి ఒకసారి చైత్ర పౌర్ణమి వేళకు కొద్ది రోజులు మాత్రం జాతర. పైన చూస్తే మామూలు అడవే. నడిచి నడిచి అంచుకు వచ్చేసరికి భూమి చీలినట్టు లోతైన లోయ కనబడుతుంది. రెండువైపులా నిలువెత్తు రాతిగోడలు, అడుగున గుండం, ఆ గుండంలోకి పైనుంచి పడే జలధార, పక్కన గుహలో లింగమయ్య. పూజారులు చెంచులే. ఎండలు మండే చైత్రమాసంలో ఆ లోయ అడుగున మాత్రం చల్లగా ఉంటుంది. చెరువులు, పొలాలు తప్ప ఎరుగని మాబోటి వాళ్లకు అది మరో లోకం.

నేను మొదటిసారి పోయింది 1988లో. సూర్యాపేటలో బస్సెక్కి నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట మీదుగా లింగాల చేరి, అక్కడినుంచి జనంతో కలిసి అడవిలో నడిచాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? టూర్ డైరీ రాసినట్టు ఏ బస్సు ఎన్ని గంటలకు, చార్జీ ఎంత, ఏ వాగు దాటాక ఏ గుర్తు అని అన్నీ జేబు పుస్తకంలో రాసుకున్నాను. తిరిగి వచ్చాక ఆఫీసు టైపు మిషను మీద ఒక ఫుల్‌స్కేపు కాగితం నిండా కొట్టి, కార్బన్ పెట్టి నాలుగు కాపీలు తీశాను. అడిగినవారికల్లా ఇచ్చాను. ఆ కాగితం పక్క ఆఫీసులకు కూడా పోయింది. నాకు ఎంత గర్వమో చెప్పలేను.

మూడేళ్ల తరువాత మా సెక్షన్‌లోనే పనిచేసే ఒక తమ్ముడు, ఆ కాగితం పట్టుకుని ఇంటిల్లిపాదినీ తీసుకొని జాతరకు బయలుదేరాడు. వాళ్ల నాయనకు డెబ్బై దాటినవి. నా కాగితంలో “దారిలో నీళ్లు దొరుకును” అని ఒక వాక్యం ఉన్నది. నేను పోయిన ఏడు ఎవరో పుణ్యాత్ములు రెండు చోట్ల చలివేంద్రం పెట్టారు. వీళ్లు పోయిన ఏడు ఆ దారిన అవి లేవు. కాగితం మీద నేను తేదీ వేయలేదు. ఏ సంవత్సరపు సంగతో చదివేవాడికి ఎట్లా తెలుస్తుంది? జీవితమంతా తేదీ లేని దరఖాస్తును వాపసు చేసినవాణ్ణి, నా కాగితానికి నేనే తేదీ వేయలేదు!

దిగడం దిగారు, దర్శనమూ అయింది. ఎక్కేటప్పుడు మిట్టమధ్యాహ్నం. ఇరుకుదారి, ముందు జనం, వెనక జనం. సగం ఎక్కేసరికి పెద్దాయన కూలబడిపోయాడు. చుక్క నీళ్లు లేవు. అప్పుడు ఇద్దరు చెంచు యువకులు సొరకాయ బుర్రలో నీళ్లు పోసి, ఆయనను వంతులవారీగా వీపున మోసి పైకి చేర్చారు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదట. పెద్దాయన బతికాడు. దేవుడి దయ, ఆ పిల్లల దయ.

సోమవారం ఆ తమ్ముడు ఆఫీసుకు వచ్చి నా కాగితం నా బల్లమీద పెట్టాడు. కోపం చేయలేదు. “అన్నా, పోయేటి దారి మంచిగ రాసినవ్. వచ్చేటి దారి రాయలే” అన్నాడు, అంతే. నాకు సర్వీసులో మెమోలు వచ్చినవి గానీ, దేనికీ అంతగా తల దించుకోలేదు.

అప్పటినుంచి ఆ కాగితం మూడుసార్లు తిరగరాశాను. పైన సంవత్సరం వేశాను. నీళ్లు ఎవరివి వాళ్లు మోసుకుపోవాలని రాశాను. ఎన్ని గంటలకు దిగాలన్నది కాదు, ఎన్ని గంటలకు తిరిగి ఎక్కడం మొదలుపెట్టాలన్నది రాశాను. ఎవరు దిగకూడదో రాశాను.

ఈ మాట మన ఒక్క నల్లమలకే కాదని 2014లో తెలిసింది. మా అమ్మాయి అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో ఉంటుంది. మమ్మల్ని పేజ్ అనే ఊరి దగ్గర ఆంటిలోప్ కాన్యన్‌కు తీసుకుపోయింది. అది ఎడారి. ఇసుకరాతిని వాన నీళ్లు వేల ఏండ్లు కోసి కోసి చేసిన ఇరుకు సందు. కొన్నిచోట్ల రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. తల ఎత్తితే ఆకాశం పంచె అంచంత. అది నవాహో అనే అక్కడి ఆదివాసుల భూమి. వాళ్ల గైడు లేకుండా ఎవరినీ లోపలికి పోనివ్వరు.

మా గైడు ఒక సంగతి చెప్పాడు. 1997 ఆగస్టు 12న దిగువ కాన్యన్‌లో పదకొండుమంది యాత్రికులు వరదలో కొట్టుకుపోయారు. వాళ్లున్న చోట పెద్దగా వాన లేదు. ఎగువన కొన్ని మైళ్ల అవతల కురిసిన గాలివాన నీళ్లు ఒక్కసారిగా ఆ సందులోకి దూకినవి. ఇరుకు చోటు కనుక నీటిమట్టం చూస్తుండగానే లేచింది. ఆ తరువాత అక్కడ గట్టి ఇనుప మెట్లు బిగించారు, వాతావరణ హెచ్చరికల ఏర్పాటు చేశారు. ఎగువన మబ్బు పడితే యాత్ర ఆపేస్తారు. “మీ నెత్తిన ఎండ ఉన్నదని నమ్మకండి, నీళ్లు వచ్చే వైపు ఆకాశం చూడండి” అని గైడు చెబుతుంటే, నాకు మా తమ్ముడి మాటే గుర్తుకు వచ్చింది. ఇరుకు లోయలో ప్రవేశం సులభం, బయటపడడమే విద్య.

ఇప్పుడు మన మనుమలు, మనుమరాండ్రు ఫోనులో వీడియో తీసి, చోటు గుర్తుతో సహా క్షణంలో లోకానికంతా పంపుతున్నారు. మంచిదే. నేను టైపు కొట్టింది కూడా అటువంటి సంతోషంతోనే. కానీ జలధార కనబడుతుంది, దాహం కనబడదు. అందుకే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. దారి చెప్పినవాడికి పూచీ ఉంటుంది. సంతకం పెట్టిన కాగితం వంటిదే అది.

మరో సంగతి. చెప్పకూడని దారులు కూడా ఉంటాయి. జాతర రోజులు కాని వేళ సలేశ్వరం దారి చెప్పమని ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లు నన్ను అడిగారు. చెప్పలేదు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. జాతరకు తప్ప అక్కడ అనుమతి లేదు. పైగా అది చెంచుల ఇల్లు. పండుగకు పిలిచినప్పుడు పోతాం గానీ, ఒకరి ఇంట్లోకి వేళకాని వేళ దొడ్డిదారిన దూరం కదా.

పోదలచినవారి కోసం కాగితంలోని ముఖ్యమైన మాటలు చెప్పి ముగిస్తాను. జాతర ఎన్ని రోజులో, ఏ వేళల్లో వదులుతారో ఆ సంవత్సరం అటవీశాఖవారు ప్రకటించినదే ప్రమాణం. మన వైపు నుంచి దేవరకొండ, డిండి, మన్ననూరు మీదుగా ఫరహాబాద్ చేరి లోపలికి పోవచ్చు. బండి దిగాక కొన్ని కిలోమీటర్ల నడక తప్పదు. తెల్లవారుజామునే నడక మొదలుపెట్టండి. ఎండ ముదరకముందే తిరిగి ఎక్కండి. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు దిగవద్దు. 2023 ఏప్రిల్ జాతరలో రద్దీకి ప్రాణనష్టం జరిగిన సంగతి మరువవద్దు. మందులు, నీళ్లు దగ్గర ఉంచుకోండి. ఫోను పనిచేస్తుందని నమ్ముకోవద్దు. కలుసుకునే చోటు ముందే అనుకోండి. ప్లాస్టిక్ అడవిలో పారవేయవద్దు.

నేను కిందటిసారి పోయినప్పుడు అంచుదాకా నడిచి అక్కడే ఒక బండమీద కూర్చున్నాను. కొబ్బరికాయ మా అల్లుడికిచ్చి పంపాను. దిగేవాళ్లంతా “వస్తున్నాం లింగమయ్యా” అని కేకలు వేస్తుంటే, నేను కూర్చున్నచోటి నుంచే దండం పెట్టాను. ఆ తమ్ముడు కూడా నా పక్కనే ఉన్నాడు. ఇప్పుడు అతనికీ వాళ్ల నాయనకు ఆనాడున్న వయసే. సీసా మూత తీసి నీళ్లు ముందు నాకిచ్చాడు.

 లైఫ్ సర్టిఫికెట్లు సకాలంలో ఇవ్వండి, నిండు నూరేళ్లు వర్ధిల్లండి. జై హింద్.